డబుల్ బ్యారెల్ తుపాకి బిగుసుకుపోయిందా? ఇంట్లో చేయదగిన పని, చేయకూడని పని: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలో వంశధార ఒడ్డున, కాశీనగరం దగ్గరి పల్లె. గజపతి, రాయగడ జిల్లాల్లో మనవాళ్ల ఇళ్లలో నాన్నల నాటివో తాతల నాటివో లైసెన్సు ఉన్న పన్నెండు బోరు డబుల్ బ్యారెళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వేరుశనగ, మొక్కజొన్న చేలకు పందులు పడే కాలం వస్తే "అన్నయ్యా, తుపాకి విరగట్లేదు, మూసుకోవట్లేదు, ఏం చేయమంటావ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. తుపాకి విరవడం అంటే తూటా పెట్టేందుకు గొట్టాలను కిందికి వంచి తెరవడం. ప్రతిసారీ చెప్పే జవాబులే ఇక్కడ రాశాను. లైసెన్సు ఉన్న తుపాకి గురించే ఇదంతా.

తుపాకి విరిచేటప్పుడు బాగా బిగువుగా ఉంది. ఆకురాయి పెట్టి అరగదీస్తే సాఫీ అవుతుందా?

వద్దు. దయచేసి వద్దు. నేను చూసిన బిగుసుకుపోయిన తుపాకుల్లో ఎక్కువ వాటికి కావలసింది అరగదీయడం కాదు, కడగడం. ఏళ్ల తరబడి పూసిన కొబ్బరినూనె ఎండి జిగురైపోతుంది. దాని మీద పొలం దుమ్ము, కాలిన తుపాకి మందు మసి కలిసి గట్టిపడతాయి. ఆ పొర మందం కాగితమంతే ఉంటుంది. కానీ ఈ తుపాకుల్లో భాగానికీ భాగానికీ మధ్య ఉండే సందు అంతకన్నా తక్కువ. అందుకే పట్టేస్తుంది.

మురికిని ఎన్నిసార్లయినా తీయొచ్చు. ఇనుమును ఒక్కసారి తీస్తే మళ్లీ పెట్టలేం.

అసలు బిగువు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

ముందు తుపాకి విరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనని కళ్లతో చూడండి, వేలు పెట్టి చూడండి. తూటాల పెట్టె వేరే గదిలో పెట్టించండి. పిల్లల్ని బయటికి పంపండి. ఖాళీ అని మీకు తెలిసినా సరే, మళ్లీ చూడాల్సిందే.

ఇప్పుడు ఒకసారి పూర్తిగా విరిచి మూయండి. దాంతో లోపలి సుత్తులు రెండూ ఎక్కి కూర్చుంటాయి. తర్వాత ముందు చెక్కను, అంటే గొట్టాల కింద ఎడమ చేయి పట్టే చెక్కను, ఊడదీసి పక్కన పెట్టి, గొట్టాలను మాత్రం మళ్లీ విరిచి మూసి చూడండి.

ముందు చెక్క లేకుండా సాఫీగా ఆడితే ఇరుసు (గొట్టాలు తిరిగే అడ్డపిన్ను) దగ్గర, గడియ (మూసిన గొట్టాలను బిగించి పట్టేది) దగ్గర తప్పేమీ లేదు. బిగువు ముందు చెక్క ఇనుము తుపాకి ఇనుప భాగానికి గుండ్రంగా ఆనే చోట గానీ, సుత్తుల్ని ఎత్తే మీటల దగ్గర గానీ ఉంది. ముందు చెక్క తీసినా పట్టేస్తూనే ఉంటే ఇరుసు చుట్టూ, గొట్టాల కింది దిమ్మల గాళ్లలో మురికి ఉందన్నమాట.

ఇంకో తేడా కూడా గమనించండి. రెండు గొట్టాలూ కాల్చాక విరిస్తే బరువుగా, కాల్చకుండా విరిస్తే తేలిగ్గా ఉండటం జబ్బు కాదు. ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంటు తీసుకున్న ఏర్పాటే మన బాక్స్‌లాక్ (సుత్తులు ఇనుప పెట్టెలాంటి భాగం లోపల ఉండే) తుపాకుల్లో ఎక్కువ వాటికి ఆధారం. అందులో గొట్టాలు కిందికి వంగే బలంతోనే లోపలి సుత్తులు వెనక్కి ఎక్కుతాయి. అంటే మీరు విరిచిన ప్రతిసారీ రెండు గట్టి స్ప్రింగుల్ని నొక్కుతున్నారు. ఆ బరువు ఉండాల్సిందే. దాన్ని తగ్గించాలని స్ప్రింగు జోలికి వెళితే తూటా మీద దెబ్బ చాలక అది పేలదు.

మూసేటప్పుడు మాత్రమే బరువుగా ఉంటే, మీది ఖాళీ గుల్లల్ని బయటికి విసిరే ఎజెక్టర్ తుపాకి అయితే, అదీ చాలావరకు మామూలే. ఆ విసిరే స్ప్రింగులు మూసేటప్పుడు నొక్కుకుంటాయి.

ఇంట్లో కడగడానికి ఏం కావాలి? ఎలా చేయాలి?

పాత పంచె గుడ్డ, పాత టూత్ బ్రష్, కొంచెం కిరోసిన్, కుట్టుమిషన్ నూనె, కాస్త మంచి గ్రీజు, నాలుగు కొబ్బరి ఈనెలు. ఇంతే. ఎమరీ కాగితం, ఆకురాయి, వాల్వు గ్రైండింగ్ పేస్టు మాత్రం ఆ గదిలోకే రానివ్వకండి.

పైన చెప్పినట్టు సుత్తులు ఎక్కి ఉండగానే ముందు చెక్క తీసి, గొట్టాలు విరిచి పైకి ఎత్తి వేరు చేయండి. ఇప్పుడు తుపాకి మూడు ముక్కలుగా ఉంటుంది. గొట్టాలు లేనప్పుడు ట్రిగ్గర్ నొక్కొద్దు. ఈ ఒక్క మాట మరిచిపోయి బరంపురంలో తుపాకి మేస్త్రీ దాకా పరుగెత్తినవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు. నొక్కితే సుత్తులు పడిపోయి, వాటిని ఎత్తే మీటలు స్థానం మారతాయి. ఇక ముందు చెక్క ఎంత నొక్కినా కూర్చోదు. అలా జరిగితే సుత్తెతో కొట్టకండి. తెలిసిన మేస్త్రీకి అది రెండు నిమిషాల పని, తెలియనివాడు చేస్తే చెక్క చీలుతుంది.

గొట్టాల కింద రెండు ఇనుప దిమ్మలు ఉంటాయి. వాటికి కోసిన గాళ్లలోకే గడియ వెళ్లి తుపాకిని బిగించి పట్టుకుంటుంది. కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో అక్కడ రుద్ది, కొబ్బరి ఈనె కొనను చదునుగా నమిలి ఆ మూలల్లో గీకండి. మా నాన్నగారి తుపాకికి నేను మొదటిసారి ఇలా గీకినప్పుడు బెల్లం పాకం రంగులో ముద్ద వచ్చింది. గోటితో నొక్కితే చిట్లింది. అది ఎన్నేళ్ల నాటి కొబ్బరినూనో!

తర్వాత ఎక్స్‌ట్రాక్టర్. తూటా అంచు పట్టుకుని బయటికి తోసే ముక్క ఇది. దీన్ని వేలితో వెనక్కి లాగి దాని కింద చూడండి. కాలని మందు పలుకులు అక్కడే చేరతాయి. ఆవగింజలో సగమంత పలుకు ఉన్నా ఎక్స్‌ట్రాక్టర్ పూర్తిగా కూర్చోదు, తుపాకి పూర్తిగా మూసుకోదు. "మూసుకోవట్లేదు" అని తెచ్చిన తుపాకుల్లో నేను మొట్టమొదట చూసేది ఇక్కడే.

ఆ తర్వాత ఇరుసు. గొట్టాలు ఏ అడ్డపిన్ను మీద తిరుగుతాయో అది. గుడ్డ పేలికను మెలితిప్పి కిరోసిన్‌తో తుడవండి, మళ్లీ పొడిగుడ్డతో తుడవండి. కిరోసిన్ తడి మిగలకూడదు. అది జిడ్డును కడుగుతుంది గానీ ఇనుమును కాపాడదు. తుడవకుండా వదిలేస్తే వానాకాలం గాలికి తుప్పు మొదలవుతుంది.

చివరగా గ్రీజు. ఇరుసు మీద మినపగింజంత, దిమ్మల గాళ్లలో అంతకన్నా తక్కువ, ముందు చెక్క ఇనుము గుండ్రంగా ఆనే చోట మరో మినపగింజంత. పై మీట (తుపాకి విరవడానికి బొటనవేలితో తోసేది) మొదట్లో కుట్టుమిషన్ నూనె ఒకే ఒక్క చుక్క. తిరిగి బిగించి నిదానంగా యాభైసార్లు విరిచి మూయండి. పైకి కక్కిన గ్రీజు నల్లగా వస్తే తుడిచేసి కొత్తది రాయండి.

నూనె ఎక్కువ పోస్తే ఇంకా సాఫీగా ఉంటుంది కదా?

ఉండదు. ఎక్కువైన నూనె కిందికి దిగి వెనక చెక్క తల భాగంలోకి ఇంకుతుంది. చెక్క నల్లబడి మెత్తబడుతుంది. అప్పుడు ప్రతి పేలుడికీ ఇనుము చెక్కలోకి కొంచెం కొంచెం దిగబడి చివరికి పగులు వస్తుంది. పాత తుపాకుల్లో మెడ దగ్గర నల్లగా కనిపించేది చాలాసార్లు ఇదే. నూనె పెట్టిన రాత్రి తుపాకిని గొట్టాలు కిందికి ఉండేలా గోనెసంచి మీద నిలబెట్టండి. మిగులు నూనె గొట్టాల వైపు జారుతుంది, చెక్క బతుకుతుంది.

కొబ్బరినూనె, నువ్వులనూనె మాత్రం ఇక ఆపేయండి. మన పెద్దవాళ్లకు దొరికింది అదే గనుక వాడారు. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే తడిని తరిమి, పట్టేసిన జిడ్డును వదిలిస్తుంది. కానీ ఇరుసుకు గ్రీజు చేసే పని అది చేయలేదు. కొట్టాక తుడిచేయాలి.

కొత్త తుపాకి కొన్నాను. అది కూడా బిగువుగానే ఉంది. పాడైన సరుకా?

కాదు. కొత్త డబుల్ బ్యారెల్ బిగువుగానే ఉంటుంది, ఉండాలి. ఒకదాన్నొకటి రాసుకునే చోట్లు వాడుకలో తమంతట తాము సర్దుకుంటాయి. గ్రీజు రాసి రోజూ కాసేపు విరిచి మూస్తుంటే కొన్ని వందలసార్లకు తేడా మీకే తెలుస్తుంది. పై మీట మూసినప్పుడు నడిమధ్యకు రాకుండా కొంచెం కుడివైపు ఆగుతోందని కంగారు పడేవాళ్లున్నారు. గడియ అరుగుతున్న కొద్దీ మీట ఎడమకు జరుగుతుంది. అంటే కుడివైపు ఆగడం దానికి ఇంకా ఆయుష్షు ఉందనడానికి గుర్తు. నడిమధ్య దాటి ఎడమకు పోయిన మీటకే కంగారు పడాలి.

తెలిసిన మెకానిక్ వాల్వు పేస్టు రాసి ఆడిస్తే పది నిమిషాల్లో సాఫీ అవుతుందన్నాడు. నిజమేనా?

సాఫీ అవుతుంది. నిజమే. తర్వాత వదులవుతుంది.

ఆ పేస్టులో ఉండేది గరుకు పొడి. అది ఎత్తుగా ఉన్న చోటును మాత్రమే కాదు, తగిలిన ప్రతి చోటునూ తింటుంది. ఇరుసు సన్నబడుతుంది, దిమ్మ గుంట పెద్దదవుతుంది. గొట్టాల వెనక భాగం పేలుడును ఆపే ఇనుప గోడకు ఆనకుండా ఎడం వస్తుంది. తూటా పేలిన ప్రతిసారీ గొట్టాలు ఆ ఎడంలో ఎగిరి కొట్టుకుని ఇంకా వదులవుతాయి.

వదులు ఉందో లేదో ఇలా చూడండి. ఖాళీ తుపాకి ముందు చెక్క తీసేసి, గొట్టాలు మూసి, వెనక చెక్క మెడను పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటక చప్పుడు వచ్చినా, చేతికి కదలిక తెలిసినా తుపాకి వదులైంది. వెలుతురుకు ఎదురుగా పట్టి గొట్టాలకూ ఆ గోడకూ మధ్య సందు చూడండి. వెలుగు కనిపిస్తే దాంతో కాల్చడం మానేసి లైసెన్సు ఉన్న మేస్త్రీకి చూపించండి.

పేస్టుకూ పనితనానికీ తేడా నేను బరంపురంలో చూశాను. మా తుపాకి కడిగినా ఒక్కచోట పట్టేస్తుంటే తీసుకెళ్లాను. ముసలి మేస్త్రీ దాన్ని నాలుగుసార్లు విరిచి మూశాడు, ఏమీ అనలేదు. కిరోసిన్ దీపం వెలిగించి వత్తి పెంచి, పొగ మీద దిమ్మను తిప్పాడు. ఇనుము అంతా మసిబారింది. గొట్టాలు తగిలించి ఒక్కసారి మూసి తీశాడు. నల్లటి మసిలో ఒకేచోట, బియ్యపుగింజంత, ఇనుము తెల్లగా మెరుస్తోంది. "చూశారా బాబూ, ఇక్కడే తగుల్తోంది" అన్నాడు. సన్నటి ఆకురాయితో ఒక్క గీత. మళ్లీ మసి, మళ్లీ మూత. ఇలా ఏడెనిమిదిసార్లు చేశాడు. గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నరలో ఆయన తీసిన ఇనుము గోటి మీద పెట్టుకుంటే కనిపించీ కనిపించనంత. ఆ చేయి మనకు లేదు. అందుకే ఆ పని మనది కాదు.

ట్రిగ్గర్ గట్టిగా ఉంది. దాన్ని ఇంట్లో తేలిక చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. ఈ ప్రశ్నకు నా దగ్గర రెండో జవాబు లేదు.

ట్రిగ్గర్ బరువంతా ఒక చిన్న కొక్కెం మొనలో ఉంటుంది. ఎక్కిన సుత్తిని అది గాటులో పట్టి ఆపుతుంది. ఆ పట్టు వెడల్పు చాలా కొంచెం. దాన్ని రెండుసార్లు రాయి మీద లాగితే కోణం మారి, గట్టిగా మూసిన కుదుపుకే సుత్తి జారిపోవచ్చు. సేఫ్టీ వేశాం కదా అనుకోకండి. ఎక్కువ డబుల్ బ్యారెల్ తుపాకుల్లో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ని మాత్రమే, సుత్తిని కాదు. కొక్కెం జారితే సేఫ్టీ ఏమీ చేయలేదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా నాన్నగారు ఉన్నప్పుడు మా తుపాకిని ఒకతను "ట్రిగ్గర్ తేలిక చేస్తాను" అని తీసుకుని తెచ్చి ఇచ్చాడు. మంచె దగ్గర నాన్నగారు తూటాలు పెట్టి మూశారు, ట్రిగ్గర్ మీద వేలు కూడా లేదు. కుడి గొట్టం పేలింది. గొట్టాలు నేలకు వంచి మూసే అలవాటు ఆయనకు ఉండబట్టి గుండ్లన్నీ గట్టు మట్టిలో దిగాయి. మూడు అడుగుల పక్కన నేను నిలబడి ఉన్నాను. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ట్రిగ్గర్ బరువు ముందుదానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు, వెనకదానికి కాస్త ఎక్కువ ఉండటం మామూలే. మొదటి దెబ్బ కుదుపుకు రెండోది జారకూడదనే ఆ ఎక్కువ.

తూటా లేకుండా బాగానే మూసుకుంటుంది, తూటా పెడితేనే మూసుకోవట్లేదు. ఎందుకు?

తప్పు తూటాదై ఉంటుంది, లేకపోతే తూటా కూర్చునే గదిలో మసి ఉంటుంది. పాత కాగితం తూటాలు వానాకాలం చెమ్మకు ఉబ్బుతాయి. తూటా తన బరువుకు తానే జారి గదిలో కూర్చోవాలి, తోయాల్సి వస్తే పక్కన పెట్టేయండి. బలవంతంగా మూయొద్దు.

ఇంకో మాట. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి తూటా గది 65 మిల్లీమీటర్లే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పట్టినట్టే ఉంటుంది. ఎందుకంటే తూటా మూతి దగ్గరి మడత విప్పుకోకముందు అది పొట్టిగా ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత ఇరుకులోకి విచ్చుకుని ఒత్తిడి పెరుగుతుంది. గొట్టాల మీద గుర్తులు చదవగలిగినవాళ్లకు చూపించి తూటా కొనండి.

సినిమాల్లోలా ఒక్క విదిలింపుతో మూస్తే ఏమవుతుంది?

ఇరుసు పాడవుతుంది. ఎడమ చేత్తో గొట్టాలు నేలవైపు పట్టుకుని, కుడిచేత్తో వెనక చెక్కను పైకి తెచ్చి మూయండి.

స్ప్రింగులు అలసిపోకుండా సుత్తులు దించి పెట్టాలా?

దించడం మంచిదే గానీ ఖాళీ గదిలో కొట్టకండి. ఫైరింగ్ పిన్నులు విరగొచ్చు. స్నాప్ క్యాప్ అనే ఉత్తుత్తి తూటాలు రెండు కొనుక్కుని, వాటి మీద దించండి. వాటిని అసలు తూటాలతో కలిపి ఒకే పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి.

మా ఊరి కమ్మరి మంచి పనివాడు. అతని దగ్గర బాగు చేయించవచ్చా?

పనితనం ఎంతున్నా కుదరదు. 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి బాగు చేయడం నేరం. మీ తుపాకి మీరు తుడుచుకోవడం, నూనె పెట్టుకోవడం వేరు, భాగాలు మార్చడం వేరు. గొట్టం పొట్టి చేయడం 6వ సెక్షన్ కిందికి వస్తుంది, దాని జోలికే వెళ్లకండి. ఆ కమ్మరి మీ మీద గౌరవంతో కాదనలేక చేస్తాడు, తర్వాత కేసు అతని మెడకు చుట్టుకుంటుంది. మీ మర్యాద కోసం అతన్ని ఇరికించకండి.

లైసెన్సు ఉన్న షాపులో ఇచ్చినప్పుడు తుపాకి నంబరు రాసిన రసీదు తీసుకోండి. తిరిగి తీసుకున్నాక కూడా ఆ రసీదు పారేయొద్దు.

రిపేరుకు ఆంధ్రా వైపు తీసుకెళ్లొచ్చా? పర్లాకిమిడి నుంచి పాతపట్నం నడిచిపోయే దూరమే కదా.

మనకు అది నడిచిపోయే దూరం. సంతకు పోతాం, పెళ్లికి పోతాం, సరిహద్దు ఎక్కడో కూడా గమనించం. తుపాకికి మాత్రం అది వేరే రాష్ట్రం. లైసెన్సు పుస్తకంలో చెల్లుబాటు ప్రాంతం రాసి ఉంటుంది. అందులో ఒడిశా అనో జిల్లా అనో మాత్రమే ఉంటే ఆంధ్రాలో ఆ తుపాకి లైసెన్సు లేని తుపాకితో సమానం. ముందు ఆ పేజీ చదవండి. ఒడియాలో ఉంటే ఒడియా చదవగలిగినవారితో చదివించుకోండి, ఊహించకండి. ప్రాంతం చాలకపోతే లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో అనుమతి అడగాలి, లేదా బరంపురం వైపే వెళ్లాలి.

నాన్న పోయారు. తుపాకి ఇంట్లోనే ఉంది. కడిగి పెట్టుకోవచ్చా?

కడగడం తర్వాత. ముందు దాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, మీ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టండి. ఆయుధాల నియమాలు, 2016 వారసులకు ఆ దారి ఇస్తున్నాయి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా ఆయన బతికుండగానే వారసుల పేరున మార్చుకునే వీలుంది. ఇంట్లో పెద్దాయన ఉన్నప్పుడే ఈ పని చూసుకోవడం అందరికీ తేలిక. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నదీ గుర్తుంచుకోండి.

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసి తెచ్చుకుంటే బిగుసుకుపోయి వచ్చింది. ముందు జాగ్రత్త ఏముంది?

నెలల తరబడి కదలకుండా ఉన్న తుపాకి ఎక్కడున్నా బిగుస్తుంది. ఇచ్చే ముందురోజు పూర్తిగా కడిగి, గొట్టాల లోపలా బయటా గ్రీజు పల్చగా పూసి, గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి. తోలు సంచి చెమ్మ పీలుస్తుంది, అందులో వద్దు. తెచ్చుకున్నాక గొట్టాల్లో గ్రీజు మిగలకుండా తుడిచాకే కాల్చాలి. గొట్టంలో ఏ అడ్డు ఉన్నా, గుడ్డ పేలిక అయినా సరే, గొట్టం ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. వెలుతురు వైపు పట్టి రెండింట్లోంచీ చూడండి.

తుపాకి సాఫీ అయింది. ఇక పందుల్ని కాల్చొచ్చా?

తుపాకి లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే. అడవిపంది కూడా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద ఉన్న జంతువే. చేను పాడైతే అటవీశాఖకు రాసి ఇచ్చి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే ఏదైనా. ఏనుగుల మీదికి మాత్రం తుపాకి ఎత్తే ఆలోచనే వద్దు. గుంపు వచ్చిందని తెలిస్తే మంచె దిగి ఊళ్లోకి వచ్చి ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి.

ఎన్నాళ్లకోసారి ఇదంతా చేయాలి?

కాల్చిన రోజు గొట్టాలు, ఎక్స్‌ట్రాక్టర్ కింద తుడవాలి. వానాకాలంలో కాల్చకపోయినా పదిహేను రోజులకోసారి పైన నూనెగుడ్డ వేయాలి. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, పట్టుకున్న చోట వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. ఇరుసు గ్రీజు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, కోతలయ్యాక ఒకసారి. నేను కోతలయ్యాక చేసే రోజున మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. వాడు ఇంకా తుపాకి ముట్టుకోడు. కొబ్బరి ఈనెలు నమిలి ఇస్తాడు.